గడ్డను దాచడం హయా కాదు

మా మదర్సాలో ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్న ఒక బాలుని తల్లి రొమ్ములోని గడ్డను ఎనిమిది నెలలు దాచుకున్నారు. హయా అడ్డువచ్చింది. రొమ్ము తీసివేస్తారన్న భయం అంతకన్నా పెద్దదయింది. పాతబస్తీలో ఇలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయోనని కలత చెంది, మేము ఈ చికిత్సల చరిత్రను చదివాము.

ఎంత పేరున్నవారు చెప్పినా, పరిశీలించనిదే హదీసు ఉల్లేఖనాన్ని స్వీకరించము. వైద్యంలో అటువంటి పరిశీలనే క్లినికల్ ట్రయల్. రోగుల అంగీకారంతో, ఎవరికి ఏ చికిత్సో చీటీ వేసినట్లు నిర్ణయించి, ఫలితాలను ఏళ్ళ తరబడి పోల్చి చూస్తారు.

పూర్వం హాల్‌స్టెడ్ పద్ధతిలో రొమ్మును ఛాతీ కండరాలతో సహా కోసివేసేవారు. బెర్నార్డ్ ఫిషర్ బృందం అమెరికాలో 1976లో ఆరంభించిన ట్రయల్ ఫలితాలు 1985లో వెలువడ్డాయి. 4 సెంటీమీటర్లకు మించని గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తే, రొమ్మంతా తీసిన వారితో సమానంగానే జీవించారని తేలింది.

మందుల చరిత్రలో మన తెలుగువారున్నారు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల తయారు చేసిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దానితో మావి కణాల నుండి పుట్టే కణితిని నయం చేశారు. కణితి కనబడకపోయినా, మూత్రపరీక్షలో దాని జాడ పోయేవరకు లీ మందు ఆపలేదు. అందుకు ఉద్యోగం కోల్పోయారు. ఆయనే ఒప్పని కాలం తేల్చింది. 1976లో మిలాన్‌లో బొనడొన్నా ప్రకటించిన ట్రయల్‌లో, శస్త్రచికిత్స తరువాత మెథోట్రెక్సేట్‌తో సహా మూడు మందులు పొందిన 207 మంది స్త్రీలలో 5.3 శాతానికే వ్యాధి తిరగబెట్టింది. మందులు పొందని 179 మందిలో అది 24 శాతం.

చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (సఅసం) బోధించారు. వైద్యురాలు లభించనప్పుడు, అవసరం మేరకు పురుష వైద్యునికి చూపించడాన్ని ధర్మశాస్త్రవేత్తలు అనుమతించారు. కనుక సోదరీమణులారా, గడ్డ చేతికి తగిలిన వారంలోనే వైద్యులకు చూపించండి. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. బాగయిందనిపించినా మందులు మధ్యలో మానకండి. ట్రయల్‌లో చేరమంటే, కాగితం చదివించుకొని అర్థమయ్యాకే సంతకం చేయండి. నిరాకరించే హక్కు మీకున్నది.

ఆ తల్లి ఇప్పుడు చికిత్స పొందుతున్నారు. గడ్డ పెరిగినందున రొమ్ము దక్కలేదు. మరొకరు ఆలస్యం చేయకూడదని, ఆమే దీనిని వ్రాయమన్నారు. అల్లాహ్ ఆమెకు స్వస్థత ప్రసాదించుగాక!