ఇరవై నాలుగు రోజుల పాడి కాపురం



పాడి ఉన్న ఇంటివారు ఊరు దాటి ఒక్క రాత్రి నిద్ర చేయడం ఎంత కష్టమో మీలో చాలామందికి మేము చెప్పనవసరం లేదు. కూతురి పురుడైనా, తమ్ముడి కొడుకు పెండ్లి అయినా పొద్దున పాలు తీసి బయలుదేరాలి, సాయంత్రం పాలవేళకు ఇల్లు చేరాలి. పొలం పని రెండు రోజులు ఆపవచ్చు గాని గేదె పొదుగు ఆగదు. ఈ ఒక్క కారణం చేతనే ఆస్పత్రికి వెళ్లవలసినవారు కూడా వెళ్లకుండా నెట్టుకొస్తున్న ఇండ్లు మనకు తెలుసు.

అటువంటి ఇల్లు ఒకటి తెనాలికి దగ్గరలోని పల్లెలో ఉంది. భార్యాభర్తలిద్దరే ఉంటారు. ఇద్దరికీ అరవై దాటాయి. పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉన్నారు. ఉన్నది ఎకరంన్నర భూమి. అందులో 60 సెంట్లు నిమ్మతోట, మిగిలినది పశువుల గడ్డి, కూరపాదులు. రెండు పాడిగేదెలు, వాటి దూడలు, పద్నాలుగు కోళ్లు. ఆ తల్లికి గర్భసంచి ఆపరేషను అవసరమని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. "గేదె వట్టిపోయాక చూద్దాములే" అంటూ ఆమె వాయిదా వేస్తూ వచ్చారు. ఒకటి వట్టిపోయేసరికి ఇంకొకటి ఈనేది. 2023 ఏప్రిల్ నాటికి రక్తం తగ్గి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడే స్థితికి వచ్చారు.

మే నెల పిల్లలకు సెలవులు గనుక, మేము నలుగురం వచ్చి ఇల్లు, పశువులు చూసుకొంటామని చెప్పాము. మా శ్రీమతి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, పాలు తీయడం బాగా ఎరుగును. మాకు కూడా కొడవలి పట్టడం కొత్త కాదు. మా పిల్లలిద్దరు మాత్రం పట్నంలో అద్దె ఇండ్లలో పెరిగినవారు.

అప్పగింత

వారు బయలుదేరే ముందు రెండు రోజులు మేము వారితోనే ఉన్నాము. ఆ పెద్దాయన మా అబ్బాయి చేత ఒక నోటుబుక్కులో అన్నీ రాయించారు. ఏ గేదెకు ఎంత దాణా, ఏది తల విసురుతుంది, ఏ వరుస నిమ్మచెట్లకు నీరు సరిగా అందదు, పాల కేంద్రానికి ఎన్ని గంటలలోపు చేరాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. పశువైద్యశాల నంబరు, దాని కింద 1962 అని కూడా రాయించారు. సంచార పశువైద్య వాహనాన్ని ఇంటికి పిలిచే నంబరు అది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఆ వాహనాలు మొదలయ్యాయి. వానలు పడకముందే గొంతువాపు టీకా వేయించాలన్న మాట కింద రెండు గీతలు గీయించారు.

చివరిగా ఆ తల్లి రెండు పాత చీరలు తెచ్చి మా శ్రీమతి చేతికిచ్చారు. "అమ్మగారూ, పాలు తీసేటప్పుడు ఇవి కట్టుకోండి. ఉతికినవి కావు, ఏమీ అనుకోకండి" అన్నారు.

గేదె చేపలేదు

చిన్న గేదె మొదటి పూట నుండే మంచిగా పాలిచ్చింది. పెద్దది రోజుకు 7 లీటర్లు ఇచ్చేది. అది చేపలేదు. దూడను విడిచినా, పొదుగు కడిగి నిమిరినా చన్నులు వదులు కాలేదు. మొదటి సాయంత్రం ముక్కిమూలిగి లీటరున్నర ఇచ్చింది. ఎప్పుడూ 7 శాతం వచ్చే వెన్న, కేంద్రం వారిచ్చిన చీటీలో 4.8 అని ఉంది. అక్కడున్నవారు నీళ్లు కలిపామేమో అన్నట్టు మా వంక చూశారు.

ఇందులో వింతేమీ లేదు. గేదె పాలు చాలావరకు పొదుగు పైభాగంలోని సన్నని తిత్తులలో ఉంటాయి. ఆక్సిటోసిన్ అనే హార్మోను పశువు రక్తంలోకి వస్తేనే అవి కిందికి దిగుతాయి. బెదిరిన పశువులో అది సరిగా రాదు. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. గేదె పూర్తిగా చేపకపోతే ఆ వెన్నపాలే లోపల నిలిచిపోతాయి. అలా నాలుగు రోజులు నిలిస్తే పొదుగువాపు వచ్చే ప్రమాదం ఉంది, గేదె ముందుగానే వట్టిపోవచ్చు కూడా. ఆ ఇంటికి రోజూ చేతికి డబ్బు వచ్చే దారి ఆ గేదే. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

పక్క వీధి అబ్బాయి ఒకతను మంచి మనసుతోనే, "అయ్యగారూ, ఒక్క ఇంజక్షను వేస్తే నిమిషంలో చేపుద్దండి, తెచ్చిపెట్టమంటారా?" అని అడిగాడు. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యాన్ని చెరిపే ఇంజక్షను వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షను ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, సూది లేనిదే చేపని గేదెను ఆ తల్లికి ఏ ముఖంతో తిరిగి అప్పగిస్తాము? వద్దన్నాము.

మరునాడు ఎదురింటి మామ్మగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి కొట్టం గుమ్మంలో కూర్చున్నారు. కాసేపు చూసి, "అది మిమ్మల్ని ఇంకా ఎరగదమ్మగారూ. పాలవేళకే దగ్గరకు పోతే ఎట్లా? మధ్యాహ్నం కూడా పోయి దాని దగ్గర కూర్చోండి" అన్నారు. ఆ మాట ప్రకారం మా శ్రీమతి ఆ పాత చీర కట్టుకొని రోజూ మధ్యాహ్నం గంటసేపు దాని పక్కన పీట వేసుకొని కూర్చున్నారు. మెడ కింద గోకేవారు, ఒళ్లు తడిపేవారు. పాలవేళకు దూడను కంటి ఎదురుగా కట్టి, దాణా అప్పుడే పెట్టి, అదే మనిషి అదే వైపున కూర్చునేటట్లు చూశాము. పిల్లలు కొట్టంలో మాట్లాడకూడదని కట్టడి చేశాము.

మూడో రోజుకు పూటకు రెండు లీటర్లు దాటింది. ఆరో రోజు ఉదయం సన్నగా చుర్రుమనే ధార చప్పుడు గుమ్మపాల చప్పుడుగా మారింది. గుమ్మం బయట చెవి పెట్టి వింటున్న మా అమ్మాయి "నాన్నగారూ, చేపింది!" అని నిమ్మతోట దాకా పరుగెత్తుకొచ్చింది. ఆ పూట చీటీలో వెన్న 6.9.

ఆ రోజుల సంతోషం

ఆ తరువాత దినాలు ఎంతో ఉల్లాసంగా గడిచాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేవారము. పాలు కేంద్రంలో పోసి వచ్చి, ఎండ ముదరకముందే నిమ్మకాయలు కోసి తెనాలి మార్కెట్టుకు పంపేవారము. ఆదివారం మాత్రం పాలపని ముగించి బస్సు మీద మా సంఘానికి వెళ్లి, సాయంత్రం పాలవేళకు తిరిగి వచ్చేవారము. కాలువకు నీరు కట్టేసిన కాలం గనుక తోటకు బోరు నీరే ఆధారం. గేదెలది నల్లని తోలు, చెమట పట్టడం తక్కువ. అందుచేత పొద్దెక్కాక వాటిని చెరువులో దింపి, ఎండ తగ్గాక తోలుకు రావడం పిల్లల పని అయింది.

మేము వెళ్లిన మూడో రోజున ఒక పెట్ట పొదుగుకు వచ్చింది. ఊక పోసిన గంపలో 11 గుడ్లు పెట్టి కూర్చోబెట్టాము. ఏడో రాత్రి చీకట్లో టార్చి వెలుగుకు గుడ్లు చూపించినప్పుడు, లోపల సాలెపురుగు కాళ్లవలె ఎర్రని నరాలు చూసి మా పిల్లలకు నోట మాట రాలేదు. రెండింటిలో ఏమీ లేదు, తీసేశాము. ఇరవై ఒకటో రోజున ఏడు పిల్లలు బయటికి వచ్చాయి.

రాత్రిళ్లు వాకిట్లో నులకమంచాలు వాల్చుకొని, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు అన్నం తిని పడుకొనేవారము. టీవీ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. మేము 24 రోజులకు వచ్చినవారము గనుక ఆ పని మాకు తీపిగా ఉంది. పాలచీటీల లెక్క వేసి చూస్తే, వచ్చిన డబ్బులో సగానికి పైగా దాణాకు, తౌడుకే పోయింది. మిగిలిన దానికోసం ఆ దంపతులు ఏడాదికి 365 రోజులు నాలుగున్నరకే లేస్తున్నారు. ఒంట్లో బాగున్నా లేవాలి, బాగులేకున్నా లేవాలి.

వారు తిరిగి వచ్చినప్పుడు

ఆపరేషను క్షేమంగా జరిగింది. 24వ రోజు సాయంత్రం ఆటో దిగి, ఆ తల్లి మెల్లగా కొట్టం వైపు నడిచారు. గొంతు వినగానే పెద్ద గేదె తల తిప్పి అరిచింది. మూడు వారాలు దానిని బతిమాలిన మా శ్రీమతి, "నన్ను చూసి ఒక్కనాడైనా అరిచిందా!" అని నవ్వారు. పాలచీటీలు, నిమ్మకాయల డబ్బు, టీకా వేసిన తేదీ, కోడిపిల్లల సంఖ్య రాసిన నోటుబుక్కు ఆ పెద్దాయన చేతిలో పెట్టాము.

డాక్టరు ఆపరేషను నాటినుండి ఆరు వారాలు బరువు ఎత్తవద్దన్నారు. అందులో ఇంకా దాదాపు మూడు వారాలు మిగిలి ఉన్నాయి. పిల్లల బడులు తెరిచే వేళ అయింది, మేము ఉండలేము. అప్పుడు మామ్మగారి కోడలు ఉదయపు పాలు తీస్తానన్నది. మరొక ఇంటి ఇల్లాలు సాయంత్రం పూట తీసుకొన్నది. ఇంజక్షను తెస్తానన్న అబ్బాయే గడ్డి కోసి మోయడానికి ఒప్పుకొన్నాడు.

కాబట్టి పాడి ఉన్న ప్రతి ఇంటివారికి మా మనవి ఇది. అవసరం వచ్చేదాకా ఆగకండి. వారానికి ఒక పూట ఇంటివారిలో మరొకరి చేతనో, నమ్మకమైన పొరుగువారి చేతనో పాలు తీయించండి. గేదె ఇద్దరు మనుషులను ఎరిగి ఉంటుంది. దాణా లెక్క, టీకాల తేదీలు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసి కొట్టంలోనే ఉంచండి. తోడు వచ్చేవారు రెండు రోజులు ముందుగా వచ్చి మీ పక్కన నిలబడి నేర్చుకోవాలి.

పాడి లేనివారికి కూడా ఒక మాట. మీ ఊళ్లో వైద్యం వాయిదా వేసుకొంటున్నవారు ఎవరైనా ఉంటే, జబ్బు ఏమిటని అడిగి ఊరుకోకండి. కొట్టంలో గేదెలు ఎన్ని ఉన్నాయో, ఏ పూట తోడు కావాలో కూడా అడగండి.