కొలిమి పట్టిన శిలారోహకుడు

జూబ్లీ హిల్సులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనమునకు పోయినవారు అచ్చటి గ్రానైటు గుండ్లను చూచియే యుందురు. ఇండ్ల నిర్మాణమునకై మందుగుండుతో పగులగొట్టినవి పోగా మిగిలిన శిలలవి. వానిని కాపాడుటకు 1996లో మన నగరమున నొక సంఘము కూడ నేర్పడెను. ఆ గుండ్లలోని నిలువు నెరియలే శిలారోహకునకు నిచ్చెనమెట్లు. ఆ నెరియల కొరకు తన జీవనోపాధినే మార్చుకొనిన యొకని వృత్తాంతమును విద్యార్థులకు తెలుపగోరెదను.

ఈవాన్ షునార్డ్ 1938లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించెను. పిదప వాని కుటుంబము కాలిఫోర్నియాలోని బర్బాంకు పట్టణము చేరెను. మన ఫిలిం నగరువలె నదియు చలనచిత్రములకు పేరుపడిన యూరే. ఈ బాలుని చూపు మాత్రము డేగలపై నుండెను. డేగగూళ్లను చేరుటకై 14వ యేట త్రాటి సాయమున కొండచరియలు దిగ నేర్చెను.

ఎక్కువాడు జారినచో త్రాడు వానిని నిలుపవలెను గదా. అందుకై నెరియలో నొక మేకును సుత్తితో దిగగొట్టి, దాని తలయందలి కంతకు కొక్కెము తగిలించి, అందుండి త్రాటిని పోనిత్తురు. ఈ మేకునకే పిటన్ అని పేరు. ఐరోపా పిటన్లు మెత్తని యినుపవి. ఒకమారు కొట్టినపిమ్మట రాతియందే విడువవలెను. వేల యడుగుల యోసెమిటీ కుడ్యములకు వందలకొలది మేకులు కావలసియుండగా నది సాగునా? జాన్ సాలతే యను స్విస్ కమ్మరి గట్టి యుక్కుతో మేకులు చేసి దారి చూపెను. 1957లో షునార్డ్ ఒక పాత బొగ్గుకొలిమిని, దాగలిని కొని, తనంత తానే కమ్మరపని నేర్చెను. క్రోమియము, మాలిబ్డినము కలిసిన యుక్కుతో గంటకు రెండు మేకులు సాగగొట్టి, ఒక్కొక్కటి ఒకటిన్నర డాలరునకు విక్రయించెను. చేతిపనిని చిన్నచూపు చూచు తలిదండ్రులు దీనిని గమనింతురుగాక.

1964లో ముగ్గురు మిత్రులతో గూడి ఎల్ కాపిటాన్ పైని నార్త్ అమెరికా వాల్ మార్గమును ప్రప్రథమముగా నెక్కెను. ఇంజనీరగు టామ్ ఫ్రాస్ట్ వాని వ్యాపారమున భాగస్వామి యయ్యెను. 1970 నాటికి ఆ దేశమున నారోహణ సామగ్రి నమ్మువారిలో వారిదే యగ్రస్థానము.

చిక్కు అచ్చటనే వచ్చెను. పెరికి మరల వాడదగిన మేకు గనుక, వచ్చిన ప్రతివాడును అదే నెరియలో కొట్టుటయు పెరుకుటయు జరిగెను. అంచులు రాలి కంతలు పడెను. ఎల్ కాపిటాన్ మీది నోస్ మార్గము కొలది యేండ్లలోనే పాడగుట కన్నులార చూచి, తమకు ప్రధానాధారమగు పిటన్ వ్యాపారమును క్రమముగా మానుటకు మిత్రులిద్దరును నిశ్చయించిరి.

దానికి బదులుగా 1972 నాటి తమ సరకుల జాబితాలో అల్యూమినియపు చాక్‌లను ప్రకటించిరి. ఇది మన చాకుకత్తి కాదు. త్రాడు గ్రుచ్చిన లోహపు దిమ్మె. పూర్వము బ్రిటిషు ఆరోహకులు యంత్రముల నట్లనే యిట్లు వాడుచుండిరి. నెరియ పైన వెడల్పుగను క్రింద సన్నముగను ఉన్నచోట దీనిని చేతితో జొనుపుదురు. మనుష్యుని బరువు క్రిందికి లాగినకొలది బిగియును, పైకెత్తినచో నూడివచ్చును. సుత్తితో పనిలేదు. ఒక రకమునకు ఆరు పక్కలు, కొలతలు వేరువేరు. త్రిప్పి పెట్టిన కొలది వేరువేరు వెడల్పులకు సరిపడును. కొలది మాసములలోనే పిటన్ల గిరాకి క్షీణించి, చాక్‌లు చేసినవి చేసినట్లే యమ్ముడుపోయెను.

యోసెమిటీ శిలలపై నాటి మేకుల కంతలు నేటికిని పూడలేదు. అందు వ్రేళ్లు దూర్చియే యిప్పటివారు కొన్ని నెరియల నెక్కుచున్నారు.