పరాయి గడ్డపై తొలి పలకరింపు
విదేశీ విద్యార్థులకు స్వాగత విందులు ఎందుకు? మన పిల్లలు వాటికి ఎందుకు వెళ్లాలి?

ఆగస్టు మాసం సమీపిస్తున్నదంటే మన జిల్లాల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి బయలుదేరే వాహనాలు పెరుగుతాయి. పచ్చళ్లు, పొడులు, ప్రెషర్ కుక్కరు సర్దిన పెట్టెలతో పిల్లలు ఉన్నత విద్యకై విమానమెక్కుతారు. బ్యాంకు రుణం, వీసా, అద్దె గది గురించి తల్లిదండ్రులు నెలల ముందు నుంచే విచారిస్తారు. ఆ కొత్త ఊరిలో తమ బిడ్డను మొట్టమొదట పలకరించేదెవరన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో తలెత్తదు. పాశ్చాత్య దేశాల విశ్వవిద్యాలయ పట్టణాలలో సామాజిక కేంద్రాలు, గ్రంథాలయాలు, ప్రార్థనా మందిరాల భవనాలలో విదేశీ విద్యార్థుల కోసం ఏటా నిర్వహించే స్వాగత కార్యక్రమాలు ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినవే.

అమెరికాలో చదివే భారతీయ విద్యార్థుల సంఖ్య 2023-24 విద్యా సంవత్సరంలో 3,31,602కు, 2024-25లో 3,63,019కి చేరింది. ఈ రెండు సంవత్సరాలలోనూ ఆ దేశానికి అత్యధికంగా విద్యార్థులను పంపిన దేశం మనదే. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కనుక ఈ స్వాగత కార్యక్రమాల పూర్వాపరాలు మన పల్లెలకూ సంబంధించినవే.

ఒక్క పలకరింపుతో ఆరంభం

1909లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్లపై హ్యారీ ఎడ్మండ్స్ అనే వై.ఎం.సి.ఎ. కార్యకర్తకు ఒక చైనా విద్యార్థి ఎదురయ్యాడు. ఎడ్మండ్స్ శుభోదయం చెప్పి ముందుకు సాగిపోబోయాడు. ఆ విద్యార్థి ఆగి, తాను ఈ నగరానికి వచ్చి మూడు వారాలైందని, తనతో మాట్లాడిన మొదటి వ్యక్తి మీరేనని చెప్పాడు. ఆ మాట ఎడ్మండ్స్‌ను కలచివేసింది. ఆయన, ఆయన భార్య విదేశీ విద్యార్థులను తమ ఇంటికి పిలవడం ప్రారంభించారు. క్రమంగా ఆదివారపు సాయంకాల భోజనాలు ఆనవాయితీగా మారాయి. ఇల్లు చాలని పరిస్థితి ఏర్పడటంతో జాన్ డి.రాక్‌ఫెల్లర్ జూనియర్ ఆర్థిక సాయంతో 1924లో న్యూయార్కులో ఇంటర్నేషనల్ హౌస్ వెలసింది. వివిధ దేశాల విద్యార్థులు ఒకే కప్పు కింద నివసించి, ఒకే భోజనశాలలో తినడం దాని ఉద్దేశం.

ఆ తరువాత 1930లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీలో, 1932లో షికాగోలో అటువంటి భవనాలే ఏర్పడ్డాయి. అయితే అన్ని చోట్లా స్వాగతం సులభంగా లభించలేదు. ఆ రోజుల్లో బర్క్‌లీలోని విద్యార్థి వసతి సంఘాలు విదేశీయులను, నల్లజాతివారిని చేర్చుకునేవి కావు. అటువంటి సంఘాలున్న వీధినే ఎడ్మండ్స్ ఉద్దేశపూర్వకంగా ఎంచుకున్నారు. అన్ని జాతులవారు కలిసి నివసించే ఆ భవనం వద్దంటూ సుమారు 800 మంది సమావేశమై నిరసన తెలిపారు. డెలైలా బీజ్‌లీ అనే నల్లజాతి మహిళా పాత్రికేయురాలు ఆ ప్రతిపాదనను గట్టిగా సమర్థించారు. చివరకు భవనం నిలిచింది. నేడు మనం సాధారణ మర్యాదగా భావించే స్వాగతం వెనుక ఇంతటి సంఘర్షణ ఉన్నది.

లండన్‌లో మనవారికోసం మనవారే పూనుకున్నారు. భారత వై.ఎం.సి.ఎ. నాయకుడు కె.టి.పాల్ చొరవతో 1920లో అక్కడ భారతీయ విద్యార్థులకు వసతి గృహం ప్రారంభమైంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బాంబు దాడులలో దాని భవనం ధ్వంసం కాగా, ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ వద్ద 1953లో కొత్త భవనం ఏర్పడింది. అన్ని దేశాల విద్యార్థులకు ఉద్దేశించిన ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ హౌస్ 1965లో అదే నగరంలో తెరుచుకుంది.

అక్కడ జరిగేదేమిటి?

సామాజిక కేంద్రమంటే మన ఊళ్లలోని కమ్యూనిటీ హాలు వంటిదే. కాకపోతే పెళ్లిళ్లు, సభలకు పరిమితం కాకుండా వారమంతా ఏదో ఒక వ్యాపకంతో నడుస్తుంది. అమెరికాలో ఆగస్టు చివర, జనవరిలోను. బ్రిటన్‌లో సెప్టెంబరు, అక్టోబరులలోను. ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి, జులైలలోను విద్యాకాలం మొదలైనప్పుడు ఈ సందడి అధికం.

కార్యక్రమాలు పలు విధాలు. వారానికొకసారి కాఫీ, బిస్కెట్లతో జరిగే ముచ్చట్ల సాయంత్రం ఒకటి. స్థానికులతో ఇంగ్లిషులో మాట్లాడే అలవాటు చేసే సంభాషణ బృందం మరొకటి. వచ్చినవారంతా తలా ఒక వంటకం తెచ్చి పంచుకునే విందు ఇంకొకటి. కొన్ని చోట్ల పాత మంచాలు, బల్లలు, వంటపాత్రలు, చలికోట్లు ఉచితంగా పంచుతారు. కొన్ని ఊళ్లలో ఒక్కొక్క విద్యార్థికి ఒక స్థానిక కుటుంబాన్ని పరిచయం చేస్తారు. విద్యార్థి వారింట నివసించడు. అప్పుడప్పుడు భోజనానికి వెళతాడు. నవంబరు నాలుగవ గురువారం అమెరికన్లు జరుపుకొనే థాంక్స్‌గివింగ్ పండుగనాడు విశ్వవిద్యాలయం మూతపడి, వసతి గృహాలు ఖాళీ అయినప్పుడు ఆ పరిచయం విలువ తెలిసివస్తుంది.

మూడు వలయాల స్నేహం

మనవారిలో పలువురు ఈ కార్యక్రమాలకు ఒకసారి వెళ్లి మానేస్తారు. కొందరు అసలు గడప తొక్కరు. కారణాలు స్పష్టమే. గదిలో తెలుగువారే ఉంటారు. విమానాశ్రయం నుంచి తీసుకువచ్చినది భారతీయ విద్యార్థి సంఘం వారే. ఉచ్చారణపై బిడియం, రుణభారం, పార్ట్‌టైమ్ పని వేళలు వీటికి తోడవుతాయి. తెలుగు స్నేహితులతో సరిపోతుంది కదా అన్న ధీమా అన్నింటికంటె పెద్ద కారణం.

సరిపోదని పరిశోధనలు సూచిస్తున్నాయి. హవాయిలో చదివే విదేశీ విద్యార్థులను పరిశీలించి స్టీఫెన్ బోక్నర్, ఆయన సహచరులు 1977లో ఒక విశ్లేషణ ప్రచురించారు. దాని ప్రకారం విదేశీ విద్యార్థి స్నేహాలు మూడు వలయాలుగా ఉంటాయి. స్వదేశీయుల వలయం మనసుకు ఊరట నిస్తుంది, భాషను, పండుగను నిలుపుతుంది. స్థానికుల వలయం చదువు, ఉద్యోగం, వ్యవహారాలలో దారి చూపుతుంది. ఇతర దేశాల విద్యార్థుల వలయం వినోదానికి, కాలక్షేపానికి తోడు. ఒక వలయం చేసే పని మరొకటి చేయలేదు. వీటిలో రెండవదే అన్నింటికంటె బలహీనం. అమెరికాలోని విదేశీ విద్యార్థులపై ఎలిజబెత్ గరైస్ జరిపి 2012లో ప్రచురించిన సర్వేలో దాదాపు 40 శాతం మంది తమకు సన్నిహితుడైన అమెరికన్ మిత్రుడు ఒక్కరూ లేరని తెలిపారు.

దీని పర్యవసానం కష్టకాలంలో బయటపడుతుంది. గదిలోని నలుగురూ ఆరు నెలల క్రితం వచ్చినవారే అయితే, ఒకరికి జబ్బు చేసినప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లాలో, బీమా ఎంతవరకు వర్తిస్తుందో, ఇంటి యజమాని అడ్వాన్సు సొమ్ము తిరిగి ఇవ్వకపోతే ఎవరిని ఆశ్రయించాలో నలుగురికీ తెలియదు. ఆ ఊరిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ఫోన్ నంబరు ఉంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. స్వాగత విందులో లభించే అసలు కానుక అదే. కాఫీ కేవలం నెపం.

పాటించవలసిన పద్ధతులు

ఈ కార్యక్రమాలకు వెళ్లేవారు కొన్ని విషయాలు గుర్తెరగాలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది అంటే ఆరింటికి మొదలై ఎనిమిదింటికి ముగుస్తుంది. మన పెళ్లి విందు వలె ఎప్పుడైనా వెళ్లవచ్చుననుకోరాదు. ముందుగా పేరు నమోదు చేయమంటే చేయాలి. లెక్క ప్రకారమే భోజనం సిద్ధం చేస్తారు. చొక్కాకు అంటించే పేరు చీటీపై పాస్‌పోర్టులోని ఇంటిపేరుతో సహా పొడుగాటి పేరు రాయనక్కరలేదు. పిలిపించుకోదలచిన పేరు చాలు. శాకాహారులు ఆ సంగతి ముందే చెప్పాలి. చెబితే ఎవరూ నొచ్చుకోరు. తలా ఒక వంటకం తెచ్చే విందుకు పులిహోర నిక్షేపంగా తీసుకుపోవచ్చు. అందులో వేరుశనగ గింజలున్నాయని ఒక కాగితంపై రాసిపెట్టడం తప్పనిసరి. అవి పడనివారు అక్కడ ఉండవచ్చు.

కొన్ని కార్యక్రమాలను మత సంస్థలు నిర్వహిస్తాయి. చాలా చోట్ల వారి ఆదరణ నిష్కల్మషంగానే ఉంటుంది. అయినప్పటికీ నిర్వాహకులు ఎవరో, భోజనానంతరం ప్రార్థన లేదా ప్రసంగం ఉన్నదేమో ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఇష్టం లేకపోతే మర్యాదగా సెలవు తీసుకోవచ్చు. డబ్బు, బ్యాంకు వివరాలు, పాస్‌పోర్టు అడిగితే మాత్రం అది స్వాగత కార్యక్రమం కాదని గ్రహించాలి.

మన గడ్డకు వచ్చినవారి మాటేమిటి?

ఇదే ప్రశ్న మనకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లోని ఉస్మానియా, ఇఫ్లూ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. వారిలో పలువురు భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనంపై వచ్చినవారు. 1950లో ఆ మండలిని నెలకొల్పిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి అయిన నవంబరు 11ను ఆ సంస్థ అంతర్జాతీయ విద్యార్థుల దినోత్సవంగా నిర్వహిస్తుంది. ఆనాడు సభలు, నృత్యాలు జరుగుతాయి.

180 రోజులకు మించిన వీసాపై దేశానికి వచ్చిన విదేశీ విద్యార్థి సాధారణంగా 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో వివరాలు నమోదు చేసుకోవాలి. ప్రభుత్వ రికార్డులో అతని పేరు ఆ విధంగా చేరుతుంది. కాని ఒక ఇంటి భోజనాల బంతిలో చేరడానికి ఏ కార్యాలయమూ లేదు. అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు అతనికి ఎదురయ్యే చూపులు ఎటువంటివో ఆ వీధుల్లో ఉండేవారికి తెలియనిది కాదు.

సంక్రాంతి సెలవులకు వసతి గృహాలు ఖాళీ అవుతాయి. నగరంలో చదివే మన పిల్లవాడు ఇంటికి వచ్చేటప్పుడు తన తరగతిలోని సూడాన్ విద్యార్థినో, నేపాల్ విద్యార్థినో వెంటబెట్టుకు రమ్మని చెప్పడానికి ఖర్చేమీ లేదు. అలాగే విదేశంలో ఉన్న బిడ్డతో ఆదివారం ఫోనులో మాట్లాడేటప్పుడు, అన్నం తిన్నావా అన్న ప్రశ్న తరువాత మరొక్క ప్రశ్న అడగడం మేలు: ఈ వారం అక్కడివారు ఎవరైనా కొత్తగా పరిచయమయ్యారా? వరుసగా నాలుగు ఆదివారాలు లేదన్న సమాధానమే వస్తే, ఆ ఊరి సామాజిక కేంద్రంలో కాఫీ ఏ రోజున ఇస్తారో కనుక్కోమని చెప్పాలి.