డీజిల్ సెడాన్‌కు సెలవు.. మారిన కుటుంబ కారు లెక్క

హన్మకొండ: పత్తి, మిర్చి డబ్బులు చేతికందే రోజుల్లోనూ, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడే వేళలోనూ వరంగల్ నగరంలోని కార్ల షోరూములకు పల్లెల నుంచి కుటుంబాలు తరలివస్తుంటాయి. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది ఇప్పటికీ అడిగే మొదటి ప్రశ్న ‘సెడాన్‌లో డీజిల్ ఏముంది?’ అనే. లేదన్న జవాబు విని ముఖముఖాలు చూసుకుంటారు. మధ్యశ్రేణి సెడాన్లలో డీజిల్ ఇంజన్ల అమ్మకం 2023తోనే ముగిసింది. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా రెండూ ఆ ఏడాదే డీజిల్‌ను వదిలేశాయి. మారుతి అంతకు మూడేళ్ల ముందే సియాజ్‌లో డీజిల్‌ను ఆపేసింది. 2025లో సియాజ్ కారే కనుమరుగైంది.

డీజిల్ మీద మనవాళ్ల మక్కువకు కారణం లేకపోలేదు. ప్రభుత్వం డీజిల్ ధరను అదుపులో ఉంచి, 2010లో పెట్రోలును మార్కెట్‌కు వదిలేసింది. 2012లో రెండింటి మధ్య తేడా ఒక దశలో లీటరుకు 30 రూపాయల దాకా వెళ్లింది. మైలేజీ ఎక్కువ, ఇంధనం చవక. ఇంకేం కావాలి? ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ స్విఫ్ట్ మొదలు సియాజ్ వరకు ఎన్నో కార్లలో కనిపించింది ఆ రోజుల్లోనే. 2014 అక్టోబరులో డీజిల్ ధరపైనా నియంత్రణ తొలగింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. పొగలోని మసిని పట్టే వడపోత, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే పరికరాలు అమర్చడంతో డీజిల్ కారు ఖరీదు పెరిగింది. 2023 ఏప్రిల్ నుంచి ప్రయోగశాలలోనే కాక రోడ్డు మీద నడిచేటప్పుడు వెలువడే కాలుష్యాన్నీ కొలవాలన్నారు. ఆ ఖర్చు భరించి అమ్మినా గిట్టదని కంపెనీలు చేతులెత్తేశాయి.

పాత డీజిల్ కొనవచ్చా?

కొత్తది లేదనగానే చూపు సెకండ్ హ్యాండ్ వైపు మళ్లుతోంది. 2014, 2015 నాటి డీజిల్ సిటీలు, వెర్నాలు నేటికీ చేతులు మారుతున్నాయి. ఈ విలేకరి దగ్గరి బంధువు ఒకరు అలాంటి కారే కొన్నారు. మీటరులో 80 వేల కిలోమీటర్లు చూపింది. నాలుగు నెలలు తిరగకముందే ఇంజెక్టర్లు, ఆపై టర్బో మార్చాల్సి వచ్చింది. పాత సర్వీసు కాగితాలు తీయించి చూస్తే మూడేళ్ల క్రితమే లక్షా ముప్పై వేలు దాటిందని తేలింది. ఆయనకు ఆ ఏడాది మిర్చి మీద మిగిలిందంతా కారుకే పోయింది.

కనుక మీటరును నమ్మి అడ్వాన్సు ఇవ్వడం తగదు. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి నంబరు చెప్పి పాత రికార్డు అడగాలి. మరో మాట. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2014 బండికి అది 2029లో తీరుతుంది. ఆ తర్వాత బండి తనిఖీలో నెగ్గి, అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ధర మాట్లాడేటప్పుడు మిగిలిన ఏళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

టర్బోనా, మామూలుదా?

కొత్త సెడాన్లలో ప్రధానంగా నాలుగు పేర్లు వినిపిస్తాయి. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. చివరి రెండింటివీ ఒకే ఇంజన్లు. ఇక్కడ సీసీ చూసి శక్తిని అంచనా వేసే పాత అలవాటు పనికిరాదు. సిటీలోని 1.5 లీటర్ల ఇంజన్ 121 పీఎస్ శక్తినిస్తుంది. స్లావియాలోని 1.0 లీటరు టర్బో 115 పీఎస్ ఇస్తుంది. అయితే లాగుడు బలం, అంటే టార్క్, సిటీలో 145 ఎన్ఎం కాగా ఆ చిన్న టర్బోలో 178. పైగా సిటీ ఆ బలాన్ని ఇంజన్ 4300 చుట్లు తిరిగితేగాని పూర్తిగా ఇవ్వదు. టర్బో 1750 వద్దే ఇస్తుంది. అయిదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెట్టుకుని జనగామ దాటాక లారీని అధిగమించేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. డీజిల్‌కు అలవాటుపడినవారికి టర్బో నచ్చడానికి కారణమిదే.

కానీ టర్బో మైలేజీ డ్రైవరు కాలిని బట్టి ఉంటుంది. వెర్నా సాధారణ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ 18.6 కిలోమీటర్లు కాగా, 160 పీఎస్ టర్బో ఆటోమేటిక్‌కు 20.6. కాగితం మీద బలమైన బండే పొదుపైనది! హన్మకొండ చౌరస్తా, కాజీపేట రద్దీలో ఆగుతూ సాగుతూ వెళ్లేవారు ఆ అంకెను మరిచిపోవడం మంచిది. ఊళ్లోనే ఎక్కువ తిరిగే ఉద్యోగికి, పెద్దవయసువారికి మామూలు పెట్రోలు ఇంజన్ చాలు. విడిభాగాలు తక్కువ, తలనొప్పులూ తక్కువే.

ఇక హైబ్రిడ్. సిటీలో 2022 నుంచి వస్తోంది. రద్దీలో మోటారుతోనే నడుస్తుంది కనుక ఊళ్లో ఆదా ఎక్కువ. ఒక లెక్క వేద్దాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుందాం. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మామూలు సెడాన్ 14 ఇస్తే నెలకు సుమారు 7,640 రూపాయలు. హైబ్రిడ్ 22 ఇస్తే 4,860. ఏడాదికి మిగిలేది 33 వేల పైచిలుకు. కారు ధరలో తేడా మూడు లక్షలుంటే అది తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. నెలకు 2000 కిలోమీటర్లు తిరిగేవారికి నాలుగున్నరేళ్లు. నెలకు 400 తిరిగేవారు ఆ ఊసే ఎత్తనక్కరలేదు. బ్యాటరీ కారణంగా డిక్కీ కూడా 506 లీటర్ల నుంచి 306కు తగ్గింది. మేడారం జాతరకు వంట సామానుతో సహా బయల్దేరే కుటుంబాలు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఇథనాల్ సంగతి

బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. పాత ప్రమాణాలకు తయారైన నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే పేర్కొంది. 2023 ఏప్రిల్ తర్వాతి కార్లలో ఇంధన గొట్టాలు, సీళ్లు ఈ మిశ్రమాన్ని తట్టుకునేలా ఉంటాయి. అంతకు ముందరి పెట్రోలు కారు కొనేవారు యజమాని పుస్తకం తెరిచి చూడాలి. గొట్టాల వద్ద పెట్రోలు వాసన వస్తోందేమో మెకానిక్‌కు చూపించాలి.

పన్నుల్లోనూ మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సెడాన్లపై పన్ను మొత్తం 45 నుంచి 40 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న డిజైర్ వంటి వాటిపై 29 నుంచి 18కి దిగింది. అంటే రెండింటి మధ్య అంతరం మరింత పెరిగింది. వెనుక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు తరచూ కూర్చోనివారికి డిజైర్ సరిపోతుందన్నది ఈ విలేకరి అభిప్రాయం.

పల్లెవాసులకు అన్నిటికన్నా ముఖ్యమైనది నేల నుంచి ఎత్తు. స్లావియాకు 179 మిల్లీమీటర్లు, సిటీకి 165. ఇవి ఖాళీ బండి కొలతలు. అయిదుగురు ఎక్కితే తగ్గుతుంది. షోరూము వారు నగరంలోని నున్నటి రోడ్డు మీద తిప్పి చూపిస్తే సరేననకుండా, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని సొంత ఊరి సీసీ రోడ్డు అంచు, స్పీడు బ్రేకరు, ఇంటి ముందరి ర్యాంపు దాకా తీసుకెళ్లమని అడగాలి. అక్కడ అడుగుభాగం గీసుకుంటే ఇంజన్ ఏదైనా ఆ బండి ఆ ఇంటికి కాదు.