ఉమ్మెత్త: వశీకరణం మాట ఎక్కడిది?

వినాయక చవితికి పత్రి తెస్తాం కదా, ఆ 21 ఆకుల్లో ఉమ్మెత్త ఒకటి. శివుడికైతే పువ్వు కూడా పెడతారు. గరాటాలా విచ్చుకునే పువ్వు, ఒళ్లంతా ముళ్లున్న కాయ. రోడ్డు పక్కన, చెత్తకుప్పల దగ్గర, ఎవరూ వేయకుండానే మొలుస్తుంది. హాలాహలం మింగినవాడికి విషపు మొక్కే ఇష్టమంటారు పెద్దవాళ్లు.

దీని మీద ఎక్కువగా వినిపించే కథ వశీకరణం. గింజలు నూరి పెడితే మనిషి చెప్పినట్టల్లా వింటాడట! ఈ మాట ఊరికే పుట్టలేదు. బాటసారుల తిండిలో ఉమ్మెత్త గింజలు కలిపి, మత్తులో పడ్డాక దోచుకునే దొంగల గురించి బ్రిటిష్ కాలం నాటి రికార్డుల్లో చాలా ఉంది. తిన్నవాడికి తర్వాత ఏమీ గుర్తుండదు. చూసేవాళ్లకి అది మంత్రంలాగే ఉంటుంది మరి.

నిజానికి పని చేసేది అట్రోపిన్, స్కోపొలమైన్, హయోసయమైన్ అనే రసాయనాలు. నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, చూపు మసకబారుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆపైన అక్కడ లేనివాళ్లతో మాటలు మొదలు. 1676లో అమెరికాలోని జేమ్స్‌టౌన్ దగ్గర సైనికులు ఈ జాతి ఆకుని వండుకుని తిని 11 రోజులు మతి లేకుండా ఉన్నారని రాబర్ట్ బెవర్లీ రాశాడు.

మందుగానూ వాడారండోయ్. ఎండిన ఉమ్మెత్త పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందనేది మన దగ్గర పాత పద్ధతి. 1802లో జనరల్ జెంట్ అనే అధికారి దాన్ని మద్రాసు నుంచి బ్రిటన్‌కి పట్టుకెళ్లాడు. తర్వాత్తర్వాత అక్కడ ఆస్తమా సిగరెట్లే అమ్మారు! ఆయుర్వేదంలో కనకాసవం ఉంది, అందులో కనకం అంటే ఉమ్మెత్తే. కానీ వైద్యులు శోధన చేసి, కొలిచి వాడతారు. చట్టం కూడా దీన్ని విష ద్రవ్యాల జాబితాలోనే పెట్టింది.

అందుకే ఏదో రీల్ చూసి "నేచురలే కదా, రెండు గింజలు నమిలితే ఏమవుతుందిలే" అనుకోకండి. ఏ కాయలో ఎంత విషం ఉందో పైకి చూసి చెప్పలేం. ఒకే మొక్కలో కూడా ఆకుకీ గింజకీ తేడా ఉంటుంది. ఎవరైనా తింటే వాంతి చేయించడం, ఇంటి వైద్యం లాంటివి పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగిలిన కాయ ఉంటే కవర్లో వేసి డాక్టర్‌కి చూపించండి.

ఇంకోటి, పత్రి కోశాక చేతులు కడుక్కోకుండా కళ్లు నలపొద్దు. రసం తగిలిన కంటిపాప పెద్దదై చూపు మసకేస్తుంది.