హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు: 2023-24 క్రీడా సంవత్సరము

భారతదేశమున ఫుట్‌బాలు ఒక జీవనవృత్తిగా రూపొందుట ఇటీవలి సంగతి. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగు, 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమయ్యెను. అంతకు పూర్వము ఆటగానిని పోషించినది ఉద్యోగమే. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఇందుకు ప్రబల నిదర్శనము. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో వన్నెకెక్కిన ఆ క్రీడాకారులు పోలీసు శాఖవారు. ఆటలో ఓడినను వారి కొలువునకు లోటు లేదు.

హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు పుట్టుక వేరు. మహారాష్ట్రమునందలి తెలుగువారికి ఇది ఒక విధముగా ఇంటి కథయే. పూణే నగరపు క్లబ్బు మూతపడగా, 2019 ఆగస్టులో దాని స్థానమున ఇది లీగులో ప్రవేశించెను. తొలి ఏడు 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచినను, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3-1గా ఓడించి విజేత యయ్యెను. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆనాడు మూడు పెనాల్టీల నాపెను. మరుసటి ఏడు లీగు పట్టికలో రెండవ స్థానము దక్కెను.

పతనమునకు ఆట కారణము కాదు, పద్దులు కారణము. క్లబ్బు విడిచిన ఆటగాండ్రకు చెల్లింపవలసిన సొమ్ము చెల్లింపనందున అంతర్జాతీయ ఫుట్‌బాలు సమాఖ్య కొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధించెను. జీతములు అందక విదేశీయులు ఒక్కరొక్కరుగా వెడలిరి. 2024 జనవరిలో స్వదేశీయులును పలువురు ఇతర జట్లకు పోయిరి. పోవువారికి ద్వారము తెరచియున్నది, వచ్చువారికి మూసియున్నది. ఇట్టి స్థితిలో శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్తో యువకులనే బరిలోకి దింపవలసివచ్చెను. బ్రెజిలు దేశీయుడైన జోవావో విక్టర్ మాత్రము జట్టును వీడలేదు.

ఫలితము లెక్కలలో కఠినముగా కన్పట్టును: 22 ఆటలు, 1 గెలుపు, 5 సమములు, 16 ఓటములు, వేసిన గోలులు 10, తిన్నవి 43, పాయింట్లు 8. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నయిన్ జట్టుపై 1-0గా వచ్చినది. జీతముల తగవు మధ్య అనుభవము చాలని కుర్రవాండ్రు సంపాదించిన ఆ గెలుపును విజేతల కప్పుతో పోల్చి చులకన చేయుట న్యాయము కాదు.

అట్టడుగు జట్టును దిగువ శ్రేణికి పంపు నియమము సూపర్ లీగులో లేనందున క్లబ్బు నిలిచెను. 2024లో యాజమాన్యము మారెను. 2025లో అది ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు దాల్చెను. పూణే నుండి వచ్చిన స్థానము ఆరేండ్లకే మరియొక నగరమునకు పోగా, గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణమున ఆ పసుపుపచ్చ చొక్కాలకై కేకలు వేసిన ప్రేక్షకులు మాత్రము హైదరాబాదులోనే మిగిలిరి.