నీళ్ళ కావిడి రాని ఇల్లు

రాజమండ్రి: పనిమీద రాజమండ్రి వెళ్ళిన మన పల్లెల వారిలో పలువురు కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూసే ఉంటారు. నేడది స్మారక మందిరం. చూసి వచ్చినవారు పంతులుగారి పుస్తకాల గురించి, ఆయన జరిపించిన వితంతు వివాహాల గురించి చెబుతారు. ఆ పెళ్ళిళ్ళకు వండి వడ్డించినదెవరు, పెళ్ళయ్యాక పుట్టింటి గడప తొక్కలేని ఆడపిల్లలు ఎవరి చెంత తలదాచుకున్నారు అని అడిగితే మాత్రం చప్పున జవాబు చెప్పేవారు తక్కువ.

ఆమె పంతులుగారి ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మగారు. పుట్టింటి వారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో పెళ్ళయ్యేనాటికి ఆమెకు నిండా పదేళ్ళు లేవు. అందరు కోడళ్ళ మాదిరే అత్తవారింట పని నేర్చుకుంది. పదిమంది పరాయి పిల్లలున్న ఇంటిని నడిపే విద్య మాత్రం ఆ రోజుల్లో ఏ అత్తగారూ నేర్పేది కాదు. దాన్ని ఆమె సొంతంగానే నేర్చుకోవలసి వచ్చింది.

బిందె పట్టిన చెయ్యి

వితంతువులు మళ్ళీ పెళ్ళాడవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్ళకు, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో పంతులుగారింట మొదటి పెళ్ళి జరిగింది. వధువు తిరువూరు ప్రాంతపు బాలవితంతువు గౌరమ్మ, పన్నెండేళ్ళ పిల్ల. వరుడు గోగులపాటి శ్రీరాములు. అల్లరి జరుగుతుందన్న భయంతో పోలీసులు వచ్చారు, పంతులుగారి శిష్యులు కాపలా కాశారు. నాలుగు రోజులకే రెండో పెళ్ళి కూడా జరిగింది.

పెళ్ళి వీధిలో వాళ్ళకు వింత. ఇంట్లో వాళ్ళకు అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. పీఠాధిపతి పెళ్ళిలో పాల్గొన్నవారిని వెలివేశారు. వంటవాళ్ళు మానేశారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. బంధువులు రాకపోకలు కట్టిపెట్టారు. వెలి అంటే ఏమిటో ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చు. పెద్దవారిని అడిగితే చెబుతారు. నిప్పు అడిగితే ఇవ్వరు, పిలుపు ఉండదు, చావుకైనా నలుగురు రారు.

భర్తను వదిలి పుట్టింటి వైపు వచ్చేయమని రాజ్యలక్ష్మమ్మగారికి అయినవాళ్ళు చెప్పి చూశారు. ఆమె కదలలేదు. బిందె తీసుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంది. పొయ్యి రాజేసి వండి పెట్టింది. దీన్ని చాలామంది ఆమె పతిభక్తికి గుర్తుగా చెబుతారు. అది కొంతవరకే నిజం. ఆ రోజు ఆమె వంట మానేస్తే పస్తు పడుకునేది భర్త ఒక్కరే కాదు, ఆ గడపను నమ్ముకుని వచ్చిన ఆడపిల్లలు కూడా. పంతులుగారు పత్రికలో ఎంత ఘాటుగా రాసినా ఆ సాయంత్రం అన్నం ఉడకకపోతే ఉద్యమం అక్కడితో సరి.

పెళ్ళితో తీరని బాధ్యత

కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు పెద్ద మొత్తంలో ధనసహాయం చేశారు గనుక డబ్బుకు కొంత ఆసరా దొరికింది. డబ్బుతో తీరనివి వేరే ఉన్నాయి. పెళ్ళయిన జంటలను వాళ్ళ వాళ్ళు ఇంటికి రానివ్వలేదు. వాళ్ళకు నీడ చూపాలి. కడుపుతో ఉన్న పిల్లకు పురుడు పోయడానికి తల్లి రాదు, అత్త రాదు. ఆ చోట రాజ్యలక్ష్మమ్మగారే నిలబడింది. తన కడుపున పిల్లలు లేకపోయినా ఎందరికో పురిటి మంచం దగ్గర తల్లి అయింది.

వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళేనని అనుకోనక్కరలేదు. పెళ్ళాడిన మగవారిలో కొందరు ఆశయం కోసం కాక, వచ్చే ఇల్లు, సొమ్ము చూసుకుని వచ్చినవారేనని పంతులుగారే తన స్వీయచరిత్రలో వాపోయారు. అటువంటి అల్లుళ్ళు అలిగినప్పుడు, చిన్నతనంలోనే దెబ్బతిన్న పిల్లలు ఒకరితో ఒకరు పోట్లాడుకున్నప్పుడు ఆ ఇల్లాలు ఎలా సర్దిచెప్పేదో పుస్తకాల్లో అంతగా దొరకదు. ముప్పైమంది పిల్లలున్న హాస్టల్లో ఒక్క నెల మెస్సు చూసినవారెవరైనా ఊహించుకోగలరు. కూర తక్కువైన రోజు తన కంచంలోకి ఆఖరున వడ్డించుకునే మనిషి మాటకే అక్కడ విలువ.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆశ్రయం ఇచ్చినవారి ఇంట్లో ఆశ్రయం పొందినవారు ఎప్పుడూ తల వంచుకునే ఉంటారు. తిన్న ముద్ద గొంతు దిగదు. చదువు, పని చేతిలో ఉంటేనే ఆ బెరుకు పోయేది. ధవళేశ్వరంలో 1874లోనే ఆడపిల్లల బడి పెట్టిన పంతులుగారికి చదువు సంగతి తెలుసు. ఆ ఇంట ఆశ్రయానికి చదువు జోడు కావడం అక్కడి నుంచి వచ్చినదే.

పట్నం మారినా

తర్వాత దంపతులు కొన్నేళ్ళు చెన్నపట్నంలో ఉన్నారు. అక్కడ 1898లో వితంతు శరణాలయం వెలిసింది. అంతవరకూ ఇంటి మనుషుల్లా ఉన్నవారిని ఒక సంస్థలో ఉండేవారిగా చూడవలసి వచ్చింది. ఇంట్లో అయితే కేకేసి చెబితే చాలు. సంస్థకు వేళలు కావాలి, లెక్కలు కావాలి, చందాదార్లు వచ్చి అడిగితే చూపించడానికి పుస్తకం కావాలి. రాజమండ్రి తిరిగి వచ్చాక పంతులుగారు 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి రాసిచ్చారు. ఆస్తి రాసివ్వడానికి ఇల్లాలి సమ్మతి ఎంత అవసరమో మన పల్లెల్లో భూమి తగాదాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పంతులుగారు మొత్తం నలభైదాకా వితంతు వివాహాలు జరిపించారని చెబుతారు. ఒక్కొక్క పెళ్ళి వెనుకా ఎన్ని రోజుల వంట, ఎన్ని బిందెల నీళ్ళు ఉన్నాయో ఎవరూ లెక్క కట్టలేదు.

రాజ్యలక్ష్మమ్మగారు 1910 ఆగస్టులో కన్నుమూశారు. పంతులుగారు ఆ తర్వాత తొమ్మిదేళ్ళు జీవించి, 1919 మే నెలలో చెన్నపట్నంలో మరణించారు. ఈసారి రాజమండ్రి వెళ్ళినవారు స్మారక మందిరంలో పంతులుగారి పటం దగ్గర ఆగిన తర్వాత పెరటి వైపు కూడా ఒకసారి చూసి రావచ్చు. అక్కడి నుంచి గోదావరికి బిందెతో ఎంత నడవాలో తెలుస్తుంది.